ఏబీ స్విచ్ కింద అమ్మ

పిహెచ్.డి.కి రిజిస్టర్ చేసుకున్నప్పుడు ఇచ్చిన ఫారంలో 'తల్లి వృత్తి' అని ఒక గడి ఉంది. అందులో 'గృహిణి' అని రాశాను. రాసేటప్పుడు నాకే సందేహమూ రాలేదు. తెలుగు కథల్లో స్త్రీల ఇంటిచాకిరి మీద ఐదేళ్ళు పనిచేశాను. వంట, అంట్లు, పిల్లల పెంపకం, ముసలివాళ్ళ సేవ, పాడి, పొలం పని అన్నీ లెక్కపెట్టాను. లెక్కలోకి రాని పనుల గురించి ఒక అధ్యాయమే రాశాను. ఆ అధ్యాయంలో కూడా మా అమ్మ పదేళ్ళపాటు చేసిన ఒక పని లేదు. దాన్ని పని అని నేను అనుకోలేదు. అమ్మా అనుకోలేదు. చేయించుకున్నవాళ్ళు అసలే అనుకోలేదు.

నాన్న కరెంటు లైన్‌మేన్. 1996లో అనంతగిరికి బదిలీ అయ్యేనాటికి నాకు ఆరేళ్ళు. అప్పుడది విశాఖ జిల్లా. 2022 నుంచి అల్లూరి సీతారామరాజు జిల్లా. శృంగవరపుకోట దాటాక ఘాట్ మొదలవుతుంది. బొర్రా గుహలకీ అరకుకీ వెళ్ళేవాళ్ళు బస్సు కిటికీలోంచి లోయలు చూస్తారు. నాన్న మాకు స్తంభాలు చూపించేవాడు. ఒక స్తంభానికీ ఇంకో స్తంభానికీ మధ్య ఒక్కోచోట లోయే ఉంటుంది. కాఫీ తోటలకి నీడ కోసం పెంచిన సిల్వర్ ఓక్ చెట్లు తీగలకంటే ఎత్తు పెరుగుతాయి. గాలికి ఒక కొమ్మ విరిగి లైను మీద పడితే చాలు, మైదానంలో గంటలో దొరికే ఫాల్టు కోసం అక్కడ పూటంతా కొండలెక్కి దిగాలి. పక్కనే కొత్తవలస-కిరండూల్ రైలు మార్గం మీద 25 వేల వోల్టుల కరెంటుతో ఇనప ఖనిజం బండ్లు నడుస్తూ ఉండేవి. ఆ లైను వేరు, ఆ మనుషులు వేరు. మా వీధిలో మాత్రం వానాకాలమంతా కిరసనాయిలు దీపాలే.

మేం అద్దెకున్న ఇంటికి నలభై అడుగుల దూరంలో రోడ్డు పక్కన ఒక స్తంభం ఉండేది. దాని మీద ఏబీ స్విచ్. చూడనివాళ్ళ కోసం చెబుతాను. పైన మూడు తీగలకీ మూడు కత్తుల్లాంటి బ్లేడ్లుంటాయి. స్తంభం వెంట ఒక ఇనప పైపు కిందికి దిగి, చేతికందే ఎత్తులో హ్యాండిల్ దగ్గర ఆగుతుంది. హ్యాండిల్ తిప్పితే పైన మూడు బ్లేడ్లూ ఒక్కసారే విడిపోతాయి. అక్కణ్ణించి లోపలి ఊళ్ళకి వెళ్ళే 11 వేల వోల్టుల లైనులో కరెంటు ఆగిపోతుంది. మళ్ళీ తిప్పితే కలుస్తాయి. పదేళ్ళ పిల్లవాడైనా తిప్పగలడు. అదే అందులో ఉన్న ప్రమాదం.

లైను మీద పనిచేయాలంటే ముందు సబ్‌స్టేషన్ నుంచి 'లైన్ క్లియర్' తీసుకోవాలి. ఎల్‌సీ అంటారు. ఎవరు తీసుకున్నారు, ఏ లైను మీద, ఎన్ని గంటలకి అన్నది అక్కడి పుస్తకంలో రాస్తారు. తీసుకున్న మనిషే తిరిగి ఇవ్వాలి. ఇంకెవరు ఫోన్ చేసి 'అయిపోయింది' అన్నా కరెంటు ఇవ్వకూడదు. ఎల్‌సీ తీసుకున్నాక స్విచ్ తెరవాలి. బ్లేడ్లు మూడూ విడిపోయాయో లేదో కళ్ళతో చూడాలి. హ్యాండిల్‌కి తాళం వేసి, 'మనుషులు పనిచేస్తున్నారు' అన్న బోర్డు తగిలించాలి. లైనులో కరెంటు లేదని పరికరంతో పరీక్షించాలి. ఆ తర్వాత పనిచేసే చోటుకి రెండువైపులా ఎర్త్ రాడ్లు వేసి తీగల్ని భూమికి కలపాలి. ఎవరైనా పొరపాటున స్విచ్ వేసినా, ఎక్కడో జనరేటరు నుంచి కరెంటు వెనక్కి వచ్చినా అది భూమిలోకి పోతుంది, సబ్‌స్టేషన్‌లో ఫీడరు ట్రిప్పవుతుంది. ఇవన్నీ అయ్యాకే హెల్మెట్, గ్లౌజులు, బెల్టుతో మనిషి స్తంభమెక్కాలి. ఇందులో కొత్తగా కనిపెట్టిందేమీ లేదు. కరెంటు పనివాళ్ళకి గ్లౌజులు, రబ్బరు బూట్లు, బెల్టులు, హెల్మెట్లు, ఎర్తింగ్ సామాను, టెస్టర్లు ఇవ్వాలని 1956 నాటి భారత విద్యుత్ నియమాల్లోనే ఉంది.

అనంతగిరిలో నాన్నకున్నవి ఒక కటింగ్ ప్లేయరు, ఒక తాడు, ఎప్పుడో ఇచ్చిన గ్లౌజుల జత. అందులో ఒకటి చిల్లుపడింది. నాలుగు సెక్షన్లు పంచుకునే ఎర్త్ రాడ్లు ఒకే ఒక జత. తాళం లేదు. బోర్డు లేదు. వాటి బదులు అమ్మ ఉండేది.

ఇందులో ఇంకో చిక్కుంది. ఎల్‌సీ తీసుకుని ఏబీ స్విచ్ తెరిచాక సబ్‌స్టేషన్ వాళ్ళు మెయిన్ లైనుకి మళ్ళీ కరెంటు ఇచ్చేసేవారు. లోపలి లైను బాగుచేసేదాకా రోడ్డు మీది ఊళ్ళన్నీ చీకట్లో ఎందుకుండాలి అన్నది లెక్క. లెక్క సబబే. కానీ అప్పుడు లోపల స్తంభం మీదున్న మనిషికీ కరెంటుకీ మధ్య ఆ హ్యాండిల్ ఒక్కటే అడ్డు. నాన్న హ్యాండిల్ తిప్పేసి, "నేనొచ్చేదాకా చూస్తుండు" అని అమ్మకి చెప్పి కొండల్లోకి వెళ్ళిపోయేవాడు. అమ్మ ఒక గొడుగూ పీటా పట్టుకొచ్చి స్తంభం పక్కన కూర్చునేది. వాన పడుతుంటే నిలబడేది. బియ్యం ఏరేది. చింతపండు గింజలు తీసేది. నా లెక్కల పుస్తకం అక్కడే దిద్దేది. ఒక్కోసారి రెండు గంటలు, ఒక్కోసారి పొద్దుగూకేదాకా. నేను బడి నుంచి వస్తే అన్నం అక్కడే పెట్టేది. నీళ్ళవసరానికి లేవాల్సొస్తే నన్ను కూర్చోబెట్టి, "ఎవులొచ్చినా ముట్టుకోనీకు, అరు" అని చెప్పి పరిగెత్తి వెళ్ళి పరిగెత్తి వచ్చేది.

అమ్మ ఏడో తరగతి దాకా చదివింది. స్విచ్ తీసిన సమయం, వేసిన సమయం వెంకట్రామా క్యాలెండర్ మీద ఆ తేదీ గడిలో పెన్సిల్‌తో రాసేది. "10.20 తీసారు. 1.05 యేసారు." ఆమెకెవరూ చెప్పలేదు రాయమని. ఎందుకు రాశావని ఈమధ్య అడిగితే, "మర్చిపోతే మనిషి పోతాడు గదే" అంది. పాల లెక్కా చాకలి పద్దూ ఏ గడిలో ఉండేవో మనిషి ప్రాణమూ ఆ గడిలోనే ఉండేది.

ఒక మంచు పట్టిన పొద్దున నాన్న హ్యాండిల్ తిప్పి బయల్దేరబోతుంటే అమ్మ తలెత్తి చూసి కేకేసింది, "ఉండండి, మూడోది ఇడిపోనేదు!" మంచు పలచబడేదాకా ఆగి నాన్న కిందనుంచి చూశాడు. రెండు బ్లేడ్లు విడిపోయాయి, మూడోది తుప్పు పట్టి అతుక్కునే ఉంది. హ్యాండిల్ పూర్తిగా తిరిగిందన్న నమ్మకంతో వెళ్ళి తీగ పట్టుకుని ఉంటే ఏమయ్యేదో నాన్నకి తెలుసు. ఆ రోజు సాయంత్రం తోటి లైన్‌మేన్లకి ఆ సంగతి చెబుతూ నవ్వాడు. "మా ఆవిడకి కళ్ళెక్కువ" అన్నాడు. దాన్ని నైపుణ్యం అనలేదు. భార్యకి ఉండే అతిజాగ్రత్త కింద జమకట్టాడు.

జాగ్రత్త అన్న మాటకే వాళ్ళ మధ్య ఆడతనం అంటగట్టి ఉండేది. చిల్లుపడని ఆ ఒక్క గ్లౌజైనా వేసుకోమని అమ్మ పోరుతుంటే, ఒక సీనియర్ లైన్‌మేన్ "గ్లౌజులెందుకురా, గాజులేసుకో" అని నాన్నని వెక్కిరించడం నాకు గుర్తుంది. అందరూ నవ్వారు. నాన్న గ్లౌజు తీసి సంచిలో పడేశాడు. ఉత్త చేతులతో, లైను మీద లైనుండగానే పనిచేసేవాడు మొనగాడు. భయపడేవాడు ఆడది. మగతనం అనే ఈ పిచ్చి నమ్మకం సామాను ఇవ్వనివాళ్ళకి ఎంత సౌకర్యంగా ఉంటుందో అప్పుడు నాకు తెలీదు. గ్లౌజులు అడగడం సిగ్గుచేటైతే ఇక ఎవరూ అడగరు. అడక్కపోతే ఎవరూ కొనక్కర్లేదు.

అమ్మ దగ్గరికి జనం వచ్చేవారు. సంతరోజున పిండిమర ఆసామి వచ్చి, "ఓసారి వెయ్యమ్మా, పది నిమిషాల్లో ఆడించేసి తీసేద్దాం" అనేవాడు. అమ్మది ఒకటే మాట. "ఆయన నోటితో ఆయన సెప్పాల. దేవుడొచ్చి సెప్పినా యెయ్యను." ఒకసారి జీపులో ఎవరో పెద్దమనిషి దిగి, "నువ్వెవరు? ఉద్యోగివా?" అని గద్దించాడు. "కాదు బాబూ, ఆయన పెళ్ళాన్ని" అంది. ఆ హ్యాండిల్ మీద ఆమెకున్న అధికారమంతా ఆ ఒక్క మాటలోంచే వచ్చింది. అక్కడ తాళం ఉండాలి. తాళి ఉంది.

నాన్నతోపాటు ఒక హెల్పర్ ఉండేవాడు. కొండదొర కుర్రాడు, పాతికేళ్ళు. కొండల్లో ఏ దారి ఎటు పోతుందో, ఏ గెడ్డ ఎప్పుడు పొంగుతుందో అతనికి తెలుసు. నాన్నకంటే వేగంగా స్తంభమెక్కేవాడు. అతని పేరు ఏ రిజిస్టరులోనూ లేదు. లైన్‌మేన్లంతా తలాకాస్తా వేసుకుని రోజు కూలి ఇచ్చేవారు. అమ్మని 'అక్కా' అనేవాడు. అమ్మ 'తమ్ముడూ' అనేది. నాకు మావయ్య. పండగకి మా ఇంటికి అనాసపళ్ళు తెచ్చేవాడు.

2001 ఆగస్టులో నాకు జ్వరం వచ్చింది. మన్యం జ్వరమేమోనని అమ్మకి భయం. పొద్దున్నే బస్సులో శృంగవరపుకోట తీసుకెళ్ళింది. ఆ రోజు పని చిన్నదే, ఒక జంపరు తెగింది. ఎర్త్ రాడ్లు ఇంకో సెక్షన్‌వాళ్ళు పట్టుకెళ్ళారు. నాన్న స్విచ్ తీసి, ఎదురుగా టీ కొట్టతనికి "కాస్త చూస్తుండు" అని చెప్పి వెళ్ళాడు. మధ్యాహ్నం టీ కొట్టతను అన్నానికి వెళ్ళాడు. ఎవరో ఒకరు ఒక పిల్లవాణ్ణి పంపారు. పిల్లవాడు హ్యాండిల్ తిప్పాడు.

స్తంభం మీద మావయ్య ఉన్నాడు. బతికాడు. విశాఖలో పెద్దాసుపత్రిలో ఎడమ చేయి మోచేతికి పైన తీసేశారు.

మేం సాయంత్రం బస్సు దిగేసరికి స్తంభం చుట్టూ జనం. అమ్మని చూడగానే ఒకావిడ అంది, "ఇయ్యాల నువ్వు నేకపోతివి." ఆ మాట ఆ రాత్రికే ఊరంతా పాకింది. టీ కొట్టతను అన్నాడు, పిండిమర దగ్గర అన్నారు, నాన్న తోటివాళ్ళన్నారు. నాన్న కూడా, ఎదురుగా కాదు గానీ గోడవైపు తిరిగి, "రేపు వెళ్ళుంటే పోయేదేమో" అన్నాడు. రేపు అంటే నా జ్వరం రేపటిదాకా ఆగి ఉంటే. విచారణకి వచ్చినవాళ్ళు స్థానికుల అజాగ్రత్త వల్ల ప్రమాదం జరిగిందని రాసుకుని వెళ్ళారని నాన్న చెప్పాడు. మావయ్య అక్కడ ఎందుకున్నాడన్న ప్రశ్న రాకుండా అందరూ జాగ్రత్తపడ్డారు. పనిలో దెబ్బతిన్నవాళ్ళకి నష్టపరిహారం ఇవ్వాలన్న చట్టం 1923 నుంచీ ఉంది. ముందు పనివాడని రుజువు కావాలి. రుజువు లేదు.

అమ్మ ఏమీ అనలేదు. మర్నాటి నుంచి స్విచ్ దగ్గర ఇంకా ముందే వెళ్ళి కూర్చోవడం మొదలుపెట్టింది. బంధువుల పెళ్ళిళ్ళకి వెళ్ళడం మానేసింది. అమ్మమ్మ పోయినప్పుడు నాన్న లైను పని అయ్యేదాకా ఆగి, చివరి బస్సుకి బయల్దేరింది.

ఇరవై ఏళ్ళ తర్వాత శృంగవరపుకోట ఇంట్లో అటక సర్దుతుంటే పాత క్యాలెండర్లు దొరికాయి. ఒక్కో గడిలో రెండేసి అంకెలు. సాహిత్య పరిశోధకురాలిని కదా, కాయితం కనిపిస్తే చదవడం అలవాటు. 2001 ఆగస్టు దగ్గర ఆగాను. ఆ గడిలో అంకెల్లేవు. "పాపకి జొరం" అని ఉంది. దాని కింద పెన్సిల్‌తో ఏదో రాసి, కాయితం చిరిగేలా చెరిపేసింది.

ఆ రోజు ఏం జరిగిందో మొదటిసారి వరసగా ఆలోచించాను. కరెంటు పనిలో భద్రత ఒక గోడ కాదు, వరసగా కట్టిన నాలుగైదు గోడలు. ఒకటి కూలినా ఇంకోటి ఆపాలి. తాళం ఉంటే పిల్లవాడు హ్యాండిల్ తిప్పలేడు. బోర్డు ఉంటే పంపినవాడు ఆలోచిస్తాడు. ఎర్త్ రాడ్లు వేసి ఉంటే పిల్లవాడు తిప్పినా ఫీడరు ట్రిప్పయ్యేది. తీగ పట్టుకునే మనిషి చేతికి మంచి గ్లౌజులుంటే ఇంకో ఆసరా. ఈ నాలుగూ లేవు. కాగితం మీద లేని ఐదో గోడ ఒకటి అన్నేళ్ళూ మిగతా నాలుగింటి బదులు నిలబడింది. అది ఒక్కరోజు పక్కకి జరిగితే, కూలిన గోడ అదొక్కటే అన్నారు. జీతం ఇవ్వని పనికి బాధ్యత మాత్రం పూర్తిగా ఇచ్చారు.

స్త్రీశక్తి సంఘటన 1986లో తెచ్చిన 'మనకు తెలియని మన చరిత్ర' నేను ఎం.ఏ.లో చదివాను, తర్వాత ఎన్నోసార్లు పాఠం చెప్పాను. తెలంగాణ సాయుధ పోరాటంలో దళాలకి అన్నం వండినవాళ్ళు, కబుర్లు మోసినవాళ్ళు, కాపలా కాసినవాళ్ళు తమ మాటల్లో తమ సంగతి చెప్పుకున్న పుస్తకం. వాళ్ళు చేసింది 'సాయం'గానే ఎందుకు మిగిలిందని క్లాసులో విద్యార్థుల్ని అడిగేదాన్ని. అడుగుతున్నప్పుడు ఒక్కసారైనా నా కళ్ళముందు ఆ గొడుగు కదల్లేదు. పోరాటమంత పెద్దది అయితేనే చరిత్ర అనుకున్నానేమో. లేక నా జ్వరం దాకా వెళ్ళాల్సొస్తుందని మనసు తప్పించుకుందేమో. రెండోదే నిజమనిపిస్తుంది.

ఇదంతా పాతకథ అనడానికి వీల్లేదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖ తీరాన్ని తాకింది. కొండల మీద సిల్వర్ ఓక్‌లు వరసలు వరసలుగా కూలాయి. స్తంభాలు లెక్కలేనన్ని విరిగాయి. లైన్లు నిలబెట్టడానికి బయటి జిల్లాల నుంచి, బయటి రాష్ట్రాల నుంచి మనుషులొచ్చారు. నాన్న అప్పటికి మైదానంలో ఉన్నాడు. రాత్రి ఫోన్ చేస్తే అమ్మ లైటు సంగతి అడగలేదు. "ఒకే లైను మీద ఇన్ని గ్యాంగులు పనిచేస్తే ఎల్‌సీ ఎవులు తీసారో, ఎవులు ఇచ్చారో ఎలా తెలుస్తాది?" అని అడిగింది. భద్రత పుస్తకాల్లో ఉన్న ప్రశ్న అదే. ప్రతి గ్యాంగుకీ ప్రత్యేకంగా ఎల్‌సీ ఉండాలి, ఆఖరి గ్యాంగు తిరిగి ఇచ్చేదాకా కరెంటు ఇవ్వకూడదు, కిందికి దిగినవాళ్ళని తలలు లెక్కపెట్టుకోవాలి. అమ్మకి ఆ పుస్తకాలు ఎవరూ ఇవ్వలేదు.

దేశంలో ఏటా పది వేలమందికి పైగా కరెంటు తగిలి చనిపోతున్నారని జాతీయ నేర నమోదు సంస్థ లెక్కలు చెబుతాయి. పొలంలో మోటారు దగ్గర, ఇంట్లో తడి గోడ దగ్గర, అడవిపందుల కోసం పెట్టిన దొంగ తీగల దగ్గర పోయినవాళ్ళూ ఆ లెక్కలో ఉన్నారు, స్తంభాల మీద పోయినవాళ్ళూ ఉన్నారు. చేతులు పోయి బతికినవాళ్ళు ఆ లెక్కలో లేరు.

ఈ సంక్రాంతి వెళ్ళాక అమ్మ తనే అడిగింది, తమ్ముణ్ణి చూసొద్దామని. నాన్న మోకాళ్ళ నొప్పులతో రాలేకపోయాడు. జీపు ఆగినచోటు నుంచి గంట నడక. మావయ్య ఇంటి ముందు చాపల మీద మిరియాలు ఎండుతున్నాయి. సిల్వర్ ఓక్ చెట్లకే మిరియం తీగలు పాకిస్తారు. కాయ కోయడానికి చెట్టుకి ఒంటి వెదురు నిచ్చెన ఆనించి ఎక్కాలి. మావయ్యకి ఒకే చేయి కాబట్టి ఇరవై నాలుగేళ్ళుగా అత్తయ్యే ఎక్కుతోంది. మేం వెళ్ళేసరికి చెట్టు మీదే ఉంది. నడుముకి కట్టిన సంచి తప్ప బెల్టు లేదు, తాడు లేదు. అమ్మ నిచ్చెన మొదలు రెండు చేతులతో పట్టుకుని, ఆవిడ దిగేదాకా వదల్లేదు.

వాళ్ళమ్మాయి ఐటీఐలో ఎలక్ట్రీషియన్ ట్రేడ్ చదువుతోంది. నాకు ఆశ్చర్యం వేసింది. "మీ నాన్నకి అలా అయ్యాక కూడా ఇదేనా?" అన్నాను. "అలా అయింది కాబట్టే వదినా" అంది. తెలంగాణలో జూనియర్ లైన్‌మేన్ ఉద్యోగాలకి ఆడవాళ్ళు పనికిరారంటే, బబ్బూరి శిరీష, భారతి అనే ఇద్దరు హైకోర్టుకెక్కి, స్తంభం ఎక్కే పరీక్షలో నెగ్గిన సంగతి ఆ పిల్ల వీడియోల్లో చూసింది. సిద్దిపేట జిల్లా శిరీష 2021లో ఉద్యోగంలో చేరింది. ఆ వార్త టీవీలో వచ్చినప్పుడు నేను చప్పట్లు కొట్టాను, అమ్మ మాత్రం "దానికి బెల్టు ఇచ్చారా?" అని అడిగింది. అప్పుడు నాకది చాదస్తం అనిపించింది. ఆడవాళ్ళు చెట్లెక్కలేరు, స్తంభాలెక్కలేరు అన్నవాళ్ళు ఈ కొండల్లో ఒక్క మిరియాల కోత కూడా చూసి ఉండరు. ఎక్కడం మనకెప్పుడూ సమస్య కాదు. ఎక్కినప్పుడు కిందనున్న ఏర్పాటు ఏమిటన్నదే సమస్య. సమానత్వం పేరుతో చిల్లుపడ్డ గ్లౌజుల్లో వాటా తీసుకుంటే సరిపోదు. మగవాళ్ళ చేతి కొలతకి కుట్టిన గ్లౌజులు ఆడపిల్ల చేతికి జారిపోతుంటే అదీ సరిపోదు.

లైన్లు ఇంకా లోపలికి పోతున్నాయి. పోవాలి కూడా. 2025 నవంబరులో అనంతగిరి మండలంలోనే రొంపల్లి పంచాయతీలో గూడెం అనే ఆవాసానికి మొట్టమొదటిసారి కరెంటు వచ్చింది. 17 కుటుంబాల కోసం తొమ్మిది కిలోమీటర్లకి పైగా లైను వేశారు, రెండు వందలకి పైగా స్తంభాలు నాటారు. ఆ పేపరు వార్త చదివి నేను చాలా సంతోషించాను. రాత్రి పడుకున్నాక మాత్రం ఆ స్తంభాలు ఒక్కొక్కటే లెక్కకొచ్చాయి. వచ్చే వానాకాలం వాటిలో ఏదో ఒకదాని మీద కొమ్మ పడుతుంది. ఎవరో ఒకరు ఎక్కుతారు. 2019 నుంచి గ్రామ సచివాలయాల్లో ఎనర్జీ అసిస్టెంట్లు ఉన్నారు, చేతిలో ఫోన్లున్నాయి. అయినా ఆ ఎక్కేవాడి పేరు రిజిస్టరులో ఉంటుందా, కింద హ్యాండిల్ దగ్గర ఏముంటుంది అన్న ప్రశ్నలు అలాగే ఉన్నాయి.

అన్నాలయ్యాక అరుగు మీద కూర్చున్నప్పుడు అమ్మ నోరు విప్పింది. "ఆ దినం నాను నేకపోనాను తమ్ముడా" అంది. ఇరవై నాలుగేళ్ళలో ఆ మాట ఆమె నోట నేను వినడం అదే మొదలు.

మావయ్య కాసేపు ఊరుకున్నాడు. "నీ మీద తోసేసినారక్కా" అన్నాడు. "నీ మీదకి తోసేస్తే ఇంకెవులి పేరూ రాయక్కర్నేదు గదా. నా పేరూ రాయక్కర్నేదు."

అమ్మ ఏడవలేదు. కొంగుతో ముఖం తుడుచుకుంది, అంతే. వాతావరణం తేలిక చేద్దామనేమో వాళ్ళమ్మాయి లోపలికెళ్ళి ఒక ఎర్ర తాళం, దానికి కట్టిన అట్టముక్క తెచ్చి చూపించింది. ఐటీఐలో ప్రాక్టికల్స్ కోసం కొనుక్కుందట. "స్విచ్ తీసినవాళ్ళు తమ తాళం తామే వెయ్యాలత్తా. ఈ అట్ట మీద పేరు రాయాలి. తాళంచెవి వాళ్ళ జేబులోనే ఉండాలి. నలుగురు పనిచేస్తే నాలుగు తాళాలు. నలుగురూ దిగి ఎవరి తాళం వాళ్ళు తీస్తే గానీ లైను కలవదు" అంది. అట్ట మీద తన పేరు గుండ్రటి అక్షరాలతో రాసుకుంది.

అమ్మ తాళం చేతిలోకి తీసుకుని నొక్కి చూసింది, చెవి పెట్టి తీసి చూసింది. అరచేతిలో బరువు చూసినట్టు కాసేపు అలాగే పట్టుకుంది.

"ఎంతయిందే?" అని అడిగింది.

"ఇది కాస్త ఎక్కువే అత్తా. మామూలు ఇంటి తాళమైనా పనిచేస్తాది. వంద రూపాయిలకి వస్తాది."

అమ్మ తాళం తిరిగి ఇవ్వలేదు. ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. దిగువకి వెళ్ళే జీపు టైమైందని నేను రెండుసార్లు లేపాల్సొచ్చింది.